రెండో బంగారక్క

నిమ్మలకుంటలో కొన్న తోలుబొమ్మ ఒకటి ఇప్పుడు జర్మనీలో ఓ మూడో అంతస్తు కిటికీకి వేలాడుతోంది. బంగారక్క, తోలుబొమ్మలాటలో నవ్వించే ఆడ పాత్ర. మూరెడు పొడుగు, ఎర్ర చీర, ముక్కున పెద్ద బులాకీ, నడుం మీద చెయ్యి. 2019లో సెలవుకు అనంతపురం వచ్చినప్పుడు కొన్నాను. వంగిపోకుండా అటూ ఇటూ అట్టముక్కలు పెట్టి, చొక్కాల మధ్య దాచి పట్టుకుపోయాను. మేకతోలు కదా, విమానాశ్రయంలో పట్టుకుంటారేమోనని దారంతా టెన్షన్. ఎవరూ అడగలేదు. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎందుకు వస్తున్నావు, మళ్లీ ఎప్పుడు పోతావు అనే ఒక్క ప్రశ్న కూడా లేకుండా బంగారక్క దర్జాగా దిగింది.

ఆ బొమ్మను ఎవరి చేతిలో పెట్టానో ఆమెకు మాత్రం అంత సులువుగా జరగలేదు. ఆమె పేరు చెప్పను, దేశం పేరు కూడా చెప్పను. వాళ్లమ్మ, తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నారు. ఆమె చిత్రకారిణి. ఆడవాళ్లను ప్రేమించే ఆడమనిషి. శరణార్థి. ఈ మూడింటిని ఏ వరసలో చెప్పాలన్నదే ఇక్కడ గొడవంతా.

నా సంగతి కూడా చెప్పాలి. నేను అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర పెరిగినవాణ్ణి. పుస్తకాలకు, యాప్‌లకు బొమ్మలు వేసి బతుకుతాను. మగవాణ్ణే ప్రేమించే మగవాణ్ణి. ఆరేళ్లు జర్మనీలో ఉద్యోగం చేసి 2021లో ఇంటికొచ్చేశాను. శరణార్థిని కాను. వర్క్ వీసాతో, కంపెనీ కొన్న టికెట్‌తో, చెనక్కాయల పొడి డబ్బాతో పోయినవాణ్ణి. ఈ తేడా చిన్నది కాదు.

అయినా ఆమెను మొదటిసారి కలిసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎట్లా తప్పించుకుని వచ్చావు?" ఏం గీస్తావని అడగలేదు. ఆమె విసుక్కోకుండా రెండు నిమిషాల్లో చెప్పేసింది, బస్‌స్టాండ్‌లో మైకు చెప్పినట్టు. తర్వాత స్నేహం కుదిరాక తెలిసింది, ఆమె దగ్గర ఆ కథ మూడు సైజుల్లో ఉంటుందట. నాలుగు గంటలది ప్రభుత్వానికి. పది నిమిషాలది గ్యాలరీలకు. రెండు నిమిషాలది నాలాంటివాళ్లకు.

నాలుగు గంటల కథ ఎందుకు పుట్టిందో చెప్పాలంటే కొంచెం చట్టంలోకి పోవాలి. శరణార్థి ఎవరు అన్నదానికి ప్రపంచం వాడే కొలమానం 1951 నాటి ఒప్పందం. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక బృందానికి చెందడం, ఈ ఐదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల వేధిస్తారన్న భయం ఉండాలి. స్వలింగ ప్రేమ అన్న మాట అందులో ఎక్కడా లేదు. తర్వాతి దశాబ్దాల్లో ఒక్కో దేశంలో కోర్టులు, అధికారులు ఆ ఐదో కారణాన్ని సాగదీసి మాలాంటివాళ్లకు చోటు చేశారు. (మన దేశం ఆ ఒప్పందంలో చేరనే లేదు, అది వేరే కథ.) చోటు అయితే దొరికింది. కానీ రాజకీయ ఖైదీ దగ్గర జైలు కాగితం ఉంటుంది. ప్రేమకు కాగితం ఏముంటుంది? అంటే మనిషినే కాగితంలా చదవాలి. చదివారు కూడా.

హంగరీలో ఒక నైజీరియా యువకుడికి మానసిక పరీక్షలు పెట్టారు. సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగే పరీక్ష ఒకటి. వానలో నిలబడ్డ మనిషి బొమ్మ గియ్యమనే పరీక్ష ఇంకొకటి. ఆ బొమ్మలు చూసి నువ్వు గే అని నిర్ధారణ కావడం లేదు, అర్జీ చెల్లదు అన్నారు. ఇలాంటి పరీక్షల మీద ఆధారపడి ఒక మనిషి ప్రేమను తేల్చకూడదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018 జనవరి 25న తీర్పిచ్చాకే దానికి అడ్డుకట్ట పడింది. అంతకు ముందే, 2014లో, పడకగది వీడియోలు రుజువుగా తీసుకోవద్దని అదే కోర్టు చెప్పాల్సి వచ్చింది. వానలో మనిషి పరీక్ష సంగతి ఆమెకు చెబితే చాలాసేపు నవ్వింది. "గొడుగు వేస్తే గే అవుతారా, వెయ్యకపోతేనా?" అంది. ఆపైన సీరియస్‌గానే, వానను గియ్యడం చాలా కష్టం, ఎవరైనా తప్పుతారు అంది.

2018 ఆగస్టులోనే ఇంకొకటి. ఆస్ట్రియాలో పద్దెనిమిదేళ్ల అఫ్గాన్ కుర్రాడి అర్జీని కొట్టేస్తూ ఒక అధికారి, నీ నడక, నీ తీరు, నీ బట్టలు చూస్తే గే అనిపించడం లేదని రాశాడు. స్నేహితులు తక్కువంటున్నావు, మీవాళ్లు కలివిడిగా ఉంటారు కదా అని కూడా. అది చదివినప్పుడు నాకు రేనాల్డో అరేనాస్ గుర్తొచ్చాడు. క్యూబా రచయిత. అచ్చు వెయ్యనివ్వని రచనలు, జైలు, అన్నీ చూసినవాడు. 1980లో మరియెల్ రేవు నుంచి సుమారు లక్షా పాతికవేల మంది పడవల్లో అమెరికా వెళ్లిపోయినప్పుడు, దేశానికి అక్కర్లేని వాళ్లను పొమ్మన్నారు. ఆ పద్దు కింద పోవడానికి అతను పోలీస్ స్టేషన్‌కు వెళ్లి నేను మగవాళ్లను ప్రేమించే మగవాణ్ణే అన్నాడు. నమ్మడానికి వాళ్లు అతన్ని తమ ముందు నడిపించి చూశారని ఆత్మకథలో రాసుకున్నాడు. రచయితగా పోనివ్వరు కాబట్టి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక అక్షరం దిద్ది అరేనాస్‌ను అరీనాస్ చేసుకున్నాడు. ఒక అక్షరం తేడాతో పడవెక్కాడు.

అంటే 1980లో బయటికి పంపడానికి నడక చూశారు. 2018లో లోపలికి రానివ్వకపోవడానికి నడక చూశారు. మధ్యలో ఎంత మారిందో మీరే చెప్పండి.

సరే, కాగితం చేతికొచ్చింది, ఉండటానికి గది దొరికింది, పరీక్ష అయిపోయింది అనుకుంటాం. అసలు నా పేచీ ఇక్కడి నుంచి మొదలవుతుంది. అధికారి అడగడం మానేసిన ప్రశ్నను గ్యాలరీ అడగడం మొదలుపెడుతుంది. ఇంకా మెత్తగా, వైన్ గ్లాసు చేతిలో పెట్టి.

ఆమె ఆ ఏడాదంతా కొళాయిలు గీసింది. శరణార్థుల హాస్టల్లో ఉమ్మడి వంటిల్లు, అందులో నాలుగు సింకులు, నాలుగు కొళాయిలు. వాటిని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, నూనెరంగుల్లో, పలకంత సైజులో. ఇత్తడి తేలిన మెడ, సున్నం పట్టిన మూతి, మూతి చివర ఊడిపడని చుక్క. నేను మొదటిసారి ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడు నా చెవికి బిందెల చప్పుడు వినిపించింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది. కొళాయిలో నీళ్లొచ్చే టైముకు అమ్మ లేపితే, కళ్లు మూసుకునే బిందె మోసిన పిల్లోణ్ణి. ఆ చుక్క ఎప్పుడు ఊడిపడుతుందా అని చూడటం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అదంతా ఆమెకు చెప్పాను. ఆమె కథ నేను అడగలేదు, నా కథే చెప్పాను. ఆ రోజు ఆమె చాలా సంతోషంగా ఉండింది.

తర్వాత ఓ గ్యాలరీవాళ్లు చూడటానికి వచ్చారు. శరణార్థి కళాకారుల ప్రదర్శన అట. నిర్వాహకురాలు చుక్క దగ్గర ఆగి, తల ఓరగా పెట్టి, "ఇది మీ కన్నీరా?" అంది.

"కాదు, వాషర్ పోయింది" అంది మా చిత్రకారిణి.

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను, బాగుండలేదు. వారం తర్వాత ఈమెయిల్ వచ్చింది. పని చాలా బాగుంది కానీ మీ ప్రయాణం ఇందులో కనిపించడం లేదు, సరిహద్దు గురించో, దాచుకున్న ప్రేమ గురించో ఏదైనా ఉంటే పంపండి అని. ఆమె పంపింది. ముళ్లకంచె ముందు ఇద్దరు ఆడవాళ్లు ఉన్న బొమ్మ ఒకటి, రెండు రోజుల్లో గీసింది. దాన్ని తీసుకున్నారు, అమ్ముడుపోయింది కూడా. ఆమె దాటిన చోట ముళ్లకంచె లేదు. విమానంలో వచ్చింది.

నేను కోప్పడ్డాను, అలా ఎందుకు గీశావని. "నీకు జీతం వస్తుంది. నా అద్దె ఎవరు కడతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇప్పుడు కథ అమ్ముకునే కళాకారులను ఒక్క మాట అనను. అది ఒక్కటే కొనేవాళ్లతోనే నాకు పేచీ.

నిమ్మలకుంట ఎందుకు గుర్తొచ్చిందంటే దీనివల్లే. ధర్మవరం దగ్గర ఊరు. జిల్లాలు చీల్చాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, మా నోటికి ఇంకా అనంతపురమే. అక్కడి తోలుబొమ్మల కుటుంబాలది ఈ నేల కాదు. మరాఠీ నాడు నుంచి తరాల కిందట వచ్చినవాళ్లు. ఇంట్లో ఇప్పటికీ ఒక రకం మరాఠీ మాట్లాడుకుంటారు. తెర ముందు మాత్రం రాముడు, రావణుడు, హనుమంతుడు అందరూ తెలుగే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటకం వాళ్లవీ ఇవే వేర్లు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వస్తే మా జిల్లా అంతా మావాడికి వచ్చిందనే చెప్పుకుంది. ఎవరైనా తెర వెనక్కి పోయి, మీ ప్రయాణం కనిపించడం లేదే, మరాఠీ నేల వదిలిన బాధ మీద ఒక బొమ్మ ఆడించండి అన్నారా? రామాయణం ఆడమన్నారు. ఆడారు. మధ్యలో బంగారక్కను, ఆమె మొగుడు జుట్టుపోలిగాణ్ణి, కేతిగాణ్ణి దింపి ఊరి పెద్దమనుషుల మీదే జోకులేశారు. ఊరు నవ్వింది.

ఇంకో మనిషి గుర్తొస్తాడు. మా దగ్గర ఫాదర్ అంటే ఒక్కడే, విసెంట్ ఫెర్రర్. స్పెయిన్ మనిషి. మహారాష్ట్రలో రైతులతో పని చేస్తుంటే 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. మరుసటేడు తిరిగొచ్చి అనంతపురంలో దిగాడు, 2009లో ఇక్కడే పోయాడు. కళాకారుడు కాదు, క్వియర్, అంటే మాలాంటి, శరణార్థీ కాదు, ఆయన్ని ఈ గాటన కట్టడం లేదు. ఊళ్లలో ఆయన ఫొటో పెట్టుకున్నవాళ్లను అడిగితే ఇండ్లు కట్టించాడు, బడి పెట్టాడు, ఆసుపత్రి పెట్టాడు అంటారు. ఆయన్ని ఎవరు, ఎందుకు వెళ్లగొట్టారో అడిగి చూడండి. చాలామందికి తెలియదు. ఆయన చేసిన పనితోనే గుర్తుపెట్టుకున్నారు.

ఇదంతా చెప్పి మా జిల్లా స్వర్గం అంటే నన్ను తెలిసినవాళ్లు కొడతారు. నిమ్మలకుంటలో ఇప్పుడు ఆట ఆడించేవాళ్లు తక్కువ, ల్యాంప్‌షేడ్లు చేసి అమ్మేవాళ్లే ఎక్కువ. మనవాళ్లే అని చెప్పుకున్నంత సులువుగా మనం రాత్రంతా కూర్చుని ఆట చూడటం లేదు. ఇక మాలాంటివాళ్ల సంగతి అంటారా, మా అమ్మ పుట్టినూళ్లో మా మామ చంద్రమతి వేషం కట్టేవాడు. కాటిసీను వచ్చేసరికి ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. తెల్లారి టీ అంగడి దగ్గర అదే ఊరు, "ఏమే చంద్రమతీ, నీళ్లకు పోతాండావా?" అనేది. వేషం ఉన్నంతసేపు దండం, వేషం తీశాక వెక్కిరింత. కర్నూలు జిల్లా ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. మొక్కుకు కట్టిన చీరకు అడ్డు లేదు. మర్నాడు మనసుకు కట్టిన చీరకు ఎంత అడ్డో మాకు తెలుసు. మా మామ ఒక రోజు బెంగళూరు రైలెక్కాడు. మళ్లీ నాటకం ఆడినట్టు వినలేదు.

మాకు పరీక్ష పెళ్లిళ్లలో జరుగుతుంది. "పెండ్లయిందా?" ఒక్క ప్రశ్నే. వానలో మనిషిని గియ్యక్కర్లేదు.

2018 సెప్టెంబర్ 6న, మాలాంటివాళ్ల ప్రేమను నేరంగా చూసే 377 సెక్షన్‌ను సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టేసింది. 1860 నాటి శిక్షాస్మృతిలో బ్రిటిష్ వాళ్లు పెట్టిపోయిన చట్టం. దాన్ని ప్రశ్నించిన పిటిషనర్లలో కేసుకు పేరిచ్చిన నవ్‌తేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడు. నాట్యం చేసేవాడు పోయి రాజ్యాంగ ధర్మాసనం ముందు నిలబడ్డాడు అని నాకు ఎంతో గర్వం. ఆ సాయంత్రం ఆమె నాకు కేక్ కొనిపెట్టింది. "నువ్వింక ఇంటికి పోవచ్చు" అంది. మాట మామూలుగానే అంది. ఆమె ప్రయాణ పత్రం నేను చూశాను. నీలం అట్ట, పై మూలన రెండు ఏటవాలు గీతలు. అన్ని దేశాలకూ చెల్లుతుంది, ఒక్క ఆమె దేశానికి తప్ప. ఆ మాట లోపల అచ్చేసి ఉంటుంది.

అయినా చట్టం పోగానే మన నేల మీద అందరూ హాయిగా ఉన్నారనీ కాదు. తమిళనాడు ట్రాన్స్ నటి, రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం కోరింది. ఆశ్రయం అడిగేవాళ్లు మన దగ్గర నుంచి కూడా పోతున్నారు.

కొందరు అడగకుండానే పోతారు. కడప జిల్లా నుంచి కువైట్ పోవడం కొత్త సంగతేం కాదు, ఇంటికొకరు ఉన్న ఊళ్లున్నాయి. నాకు తెలిసిన ఒకతను అటువైపు వాడే, చెక్కభజన బాగా చేస్తాడు, గొంతు గంటలా ఉంటుంది. ఇంట్లో పెండ్లి మాట గట్టిగా ఎత్తేసరికి కువైట్ వీసా సంపాదించాడు. అక్కడ మగవాళ్ల మధ్య సంబంధానికి 193వ అధికరణం కింద ఏడేళ్ల దాకా జైలు. అవతలి జెండర్‌ను అనుకరించారని పట్టుకునే నిబంధన 2007లో తెచ్చారు, 2022లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఇవన్నీ నేను చెబితే, "చట్టం సంగతి నాకెందుకన్నా, ఈడ మా పెద్దమ్మ లేదు" అన్నాడు. శుక్రవారం సెలవు. ఒక గదిలో పన్నెండు మంది చేరి బిర్యానీ వండుకుంటారు, ఇతను పాడతాడు. వాళ్లకు ఇతను పాటగాడు, అంతే. ఎవరూ ఏమీ అడగరు.

ఇక్కడ నా వాదం నాకే అడ్డం తిరుగుతుంది. అడగకపోవడమే కావాల్సింది అయితే ఆ గది సొంతూరు కావాలి. కాదు. వాళ్లు అడగకపోవడానికి కారణం, అలాంటిది ఒకటి ఉండవచ్చన్న ఊహే లేకపోవడం. తెలిస్తే మరుసటి శుక్రవారం పాట ఉండదు. మా చిత్రకారిణి చెప్పక్కర్లేకుండా ఉండాలని కోరుకుంటుంది. అతను చెప్పలేక ఉంటాడు. బయటికి రెండూ మౌనంలాగే కనిపిస్తాయి. బ్రిటన్‌లో చాలాకాలం అధికారులు ఈ రెండింటినీ కలిపేసి, మీ దేశానికి తిరిగిపోయి గుట్టుగా ఉండు, ఏం కాదు అని అర్జీలు తిప్పికొట్టారు. 2010లో ఇరాన్, కామెరూన్ మనుషులిద్దరి కేసులో అక్కడి సుప్రీంకోర్టు అది కుదరదంది. మామూలు మగాళ్లు రగ్బీ ఆడి, బీరు తాగి, అమ్మాయిల ఊసులాడుకున్నట్టే, గేలు పాప్ గాయని కైలీ కచేరీకి పోయి, రంగురంగుల కాక్‌టెయిల్ తాగి, అబ్బాయిల ఊసులాడుకునే స్వేచ్ఛ ఉండాలని ఒక న్యాయమూర్తి తీర్పులోనే రాశాడు. కైలీ పాటలు నాకు నచ్చవు. కానీ ఆ తీర్పులో చిన్నచిన్న సంతోషాలకు చోటు దొరికింది. బాధ లేకుండా చూసుకోవడం దగ్గరే ఆగకుండా మామూలుగా, కొంచెం వెకిలిగా బతకడం కూడా హక్కేనన్నాడు.

గ్యాలరీలకు నేను అడిగేది అదే. కొళాయికి వాషర్ పోయిందంటే నమ్మండి. శరణార్థుల వారం, ప్రైడ్ నెల అని గదులు కట్టి అందులోనే కూర్చోబెట్టకండి. వేసవిలో నీరే అంశంగా బొమ్మల ప్రదర్శన పెడితే అప్పుడు పిలవండి, నీళ్ల గురించి గీసినవాళ్ల పక్కన. ఇచ్చే డబ్బు కథకు కాకుండా రంగులకు, అద్దెకు ఇవ్వండి. ఏం గీస్తారో గీయనివ్వండి. ముళ్లకంచె గీస్తే అదీ చూడండి, కాదనడం లేదు. మన తెలుగు చానళ్లకూ ఇదే మాట. హిజ్రా నర్తకిని స్టూడియోకు పిలిచి అరగంట ఇంట్లోంచి ఎప్పుడు గెంటేశారని అడిగి, చివరి రెండు నిమిషాల్లో ఒక స్టెప్ వెయ్యమంటారు. తిరగేసి చూడండి ఒకసారి.

బంగారక్క సంగతికి వస్తాను. తోలుబొమ్మ చేత్తో పట్టుకుంటే అంత అందంగా ఉండదు. మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, సాగదీసి ఎండబెడితే పలచని అద్దంలా అవుతుంది. రెండు వైపులా రంగు పూస్తారు. నగలను మాత్రం గీయరు. సన్న ఉలితో చిల్లులు పొడుస్తారు. వంకీ, వడ్డాణం, బులాకీ అన్నీ చిల్లులే. వెనక నుంచి వెలుతురు పడితేనే నగలు. కిటికీకి కట్టాక పగలు ఆ నగలు ఆమె ఒక్కదానికే మెరిసేవి. రాత్రి గదిలో దీపం వేస్తే అవతలి బిల్డింగ్ వాళ్లకు మెరిసేవి. అలా ఎదురింటి పిల్లలిద్దరు చూసి, ఎవరా అని పైకి వచ్చారట. ఆమె తన విరిగిన జర్మన్‌లో బంగారక్క కథలు మొదలుపెట్టింది. నేను చెప్పినవి మూడే. అవి అయిపోయాక సొంతంగా అల్లింది. బంగారక్కకు ట్రామ్‌లో జరిమానా పడింది. బంగారక్క మంచులో జారిపడి మంచునే తిట్టింది.

పోయిన సంక్రాంతికి ఫోన్‌లో చెబుతుంటే ఆపి అన్నాను, "అవన్నీ సరే, జుట్టుపోలిగాడు లేకుండా బంగారక్క కథ నడవదు. ఇంకో బొమ్మ పంపిస్తానుండు."

"పంపు. కానీ వాడు వద్దు. ఇంకో బంగారక్కను పంపు" అంది.

నిమ్మలకుంట పోయాను. అదే ఇల్లు, అదే పెద్దాయన. వసారాలో ల్యాంప్‌షేడ్లు ఆరుతున్నాయి. లోపల మనవరాలితో మరాఠీలో ఏదో కేకేసి, నావైపు తిరిగి తెలుగులో కుశలమడిగాడు. సంగతి చెప్పాను.

"ముందు కొన్నదీ బంగారక్కే కదప్పా. ఇదీ బంగారక్కేనా? జత ఎట్లా కుదురుతాది?"

"కుదురుతాదిలే పెద్దాయనా."

ఆయన నా మొహం ఓ క్షణం చూశాడు. పెండ్లయిందా అని అడుగుతాడేమో అనుకున్నాను. చాప మీద పరిచిన తోళ్లలో ఒకదాన్ని లాగి, వెలుతురుకు ఎత్తి, మచ్చలున్నాయేమోనని చూశాడు.

"ఆయమ్మది ఎర్ర చీర. ఈయమ్మకు పచ్చది కడదాం. రెండూ ఒకటే అయితే పిల్లోళ్లు కనుక్కోలేరు" అన్నాడు.